ఎవరి డబ్బా ముందు? వీడియో క్యూ ప్రాజెక్టు డైరీ

మొదటి వారం, సోమవారం

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు తర్ఫీదునిచ్చే ఒక శిక్షణ సంస్థలో పాఠాల వీడియోల పని ఈ రోజు నుంచి నా చేతికి వచ్చింది. రోజుకు ముప్ఫై వరకు క్లాసులు, ఒక్కొక్కటి గంటన్నర. సాయంత్రం బ్యాచ్‌ను ఎనిమిదిన్నరకు వదిలిపెడతారు. ఆ తరువాతి గంటలో రికార్డింగులన్నీ ఒకదాని వెంట ఒకటి ఎస్3 బకెట్‌లోకి (అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్ళు దాచే చోటు) వచ్చి పడతాయి. వాటిని ట్రాన్స్‌కోడ్ చేసి, అంటే ఫోన్లలో ఆడే సైజుల్లోకి మార్చి, తెల్లవారేలోగా యాప్‌లో ఉంచాలి.

తెల్లవారేలోగానే ఎందుకన్నది నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా ఇల్లు చిక్కడపల్లిలోనే. సిటీ సెంట్రల్ లైబ్రరీ మీదుగా పొద్దున్నే నడిచి వెళితే, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నిన్నటి పాఠం మళ్ళీ వింటున్న పిల్లలు కనిపిస్తారు. ఊళ్ళ నుంచి వచ్చి, హాస్టల్ గదిలో నలుగురితో సర్దుకుని, మొబైల్ డేటాను లెక్కపెట్టుకుని వాడుకునేవాళ్ళు. పాఠం మధ్యాహ్నం వస్తే వాళ్ళకు ఆ పూట పోయినట్టే.

ఇన్నాళ్ళూ స్టూడియోలో ఎడిటింగ్ చూసే అన్న ఒక్క కంప్యూటర్ మీద ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో సాధనంతో ఈ పని చేస్తూ వచ్చారు. ఒక క్లాసు నాలుగు సైజుల్లోకి మారడానికి ఆ యంత్రానికి గంటకు పైనే పడుతుంది. ముప్ఫై క్లాసులకు ఒక రాత్రి ఎలా సరిపోతుంది? అందుకే క్లౌడ్. అమెజాన్ వారి వీడియో మార్పిడి సేవ మీడియాకన్వర్ట్‌ను ఎంచుకున్నాను. బయటికి వచ్చిన వీడియో నిమిషాల లెక్కన డబ్బు కడతాం, సర్వర్లకు మనం కాపలా ఉండనక్కరలేదు, పైథాన్‌లో బోటో3 అనే లైబ్రరీతో మొత్తం కోడు నుంచే నడపవచ్చు. 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌కు సొంత రీజియన్ (అమెజాన్ డేటాసెంటర్ల కేంద్రం) ఉంది. కానీ సంస్థ బకెట్లు ముందు నుంచీ ముంబైలో ఉన్నాయి. రీజియన్ దాటించే ప్రతి జీబీకీ రుసుము ఉంటుంది కాబట్టి ఫైలు ఎక్కడుంటే పని కూడా అక్కడే పెట్టాను.

బుధవారం

మొదటి జాబ్, అంటే క్లౌడ్‌కు అప్పగించే ఒక్కో మార్పిడి పని, పూర్తయింది. హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతిలో నాలుగు సైజులు, ఎత్తును పిక్సెళ్ళలో చెబితే: 240, 360, 480, 720. హెచ్‌ఎల్‌ఎస్ (వీడియోను ముక్కలుగా పంపే పద్ధతి) ముక్కలు ఆరు సెకన్లవి, ప్రతి రెండు సెకన్లకు ఒక కీఫ్రేమ్ (మిగతా ఫ్రేముల సాయం లేకుండా తెరుచుకునే పూర్తి బొమ్మ). మా కెమెరా సెకనుకు 25 ఫ్రేములు తీస్తుంది కాబట్టి యాభై ఫ్రేములకు ఒకటి. ముక్క ఎక్కడ తెగినా అక్కడ కీఫ్రేమ్ ఉండాలి. అప్పుడే ఫోను సిగ్నల్ తగ్గినప్పుడు పెద్ద సైజు నుంచి చిన్న సైజుకు తడబడకుండా దిగుతుంది.

తరువాత బోర్డును చూశాను. పాఠం విలువంతా ఆ బోర్డు మీదే ఉంటుంది. ఆకుపచ్చ బోర్డు మీద సుద్దముక్కతో సార్ 'స్వాతంత్ర్యం' అని రాశారు. 240లో ఆ తకారం కింద రవత్తు, యవత్తు కలిసిపోయి ఒక తెల్లటి మచ్చ మిగిలింది. 360లో రవత్తు విడిపడింది. 480లో రెండూ స్పష్టంగా కనిపించాయి. ఇంగ్లీషు అక్షరాలైతే 240లోనూ చదవగలిగాను. కింద వత్తులు, పైన గుణింతం ఉన్న లిపికి అదే గీటురాయి పనికిరాదు. అందుకని 240ను వినడానికి మాత్రమే ఉంచి, యాప్ మొదట తెరిచే సైజును 360గా మార్పించాను. నాణ్యతను నిలుపుతూ డేటాను అవసరం మేరకే వాడే క్యూవీబీఆర్ పద్ధతిలో నాణ్యత అంకెను కూడా ఒక మెట్టు పెంచాను. బోర్డు ముందు మనిషి తప్ప కదిలేది ఏమీ లేదు కాబట్టి ఫైలు పెద్దగా బరువెక్కలేదు.

శనివారం

తెలుగు పేర్లున్న ఫైళ్ళన్నీ తప్పిపోయాయి. ఎడిటింగ్ అన్న ఫైళ్ళకు చక్కగా 'పాలిటీ 12', 'భూగోళం 7' అని తెలుగులోనే పేర్లు పెడతారు. బకెట్‌లో ఫైలు కళ్ళముందే ఉన్నా, జాబ్ మాత్రం ఆ ఫైలు లేదని చెబుతోంది.

కారణం దొరకడానికి పూట పట్టింది. ఫైలు వచ్చిందని ఎస్3 పంపే కబురులో పేరు ఉన్నది ఉన్నట్టు రాదు. వెబ్ చిరునామాల్లో రాసే పద్ధతికి మారి వస్తుంది. అక్షరాలను కంప్యూటర్ దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు. ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. అంటే 'ప' ఒక్కటే తొమ్మిది అక్షరాలు. 'పాలిటీ' అన్న పేరులో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు గుర్తులు ఉన్నాయి కాబట్టి అది యాభై నాలుగు అక్షరాల తోక అవుతుంది. మధ్యలో ఉన్న ఖాళీ కూడిక గుర్తుగా మారుతుంది. నేను ఆ తోకనే పేరుగా తీసుకుని జాబ్‌కు ఇస్తున్నాను. పైథాన్‌లో దాన్ని వెనక్కు తిప్పే ఫంక్షన్ ఉంది: 'అన్‌కోట్ ప్లస్'. 'ప్లస్' లేని 'అన్‌కోట్' వాడితే కూడిక గుర్తు అలాగే మిగిలిపోతుంది. ఒక్క వాక్యంతో సరిపోయింది.

ఫైళ్ళకు ఇంగ్లీషు పేర్లు పెట్టమని అన్నకు చెప్పి ఊరుకోవచ్చు. చెప్పలేదు. ఆయన ఏళ్ళుగా పెడుతున్న పేర్లు సరైనవే. సరికావలసింది నా కోడు.

రెండో వారం, మంగళవారం

సంస్థ దగ్గర 1,200 పాత క్లాసులు హార్డ్‌డిస్కుల్లో మూలుగుతున్నాయి. అవి కూడా యాప్‌లోకి వస్తే కొత్త బ్యాచ్‌కు ఉపయోగమని మేడమ్ అడిగారు. అన్నీ బకెట్‌లోకి ఎక్కాయి. మధ్యాహ్నం మూడింటికి ఒక లూప్ రాసి 1,200 జాబ్‌లను ఒకేసారి డిఫాల్ట్ క్యూలోకి, అంటే మీడియాకన్వర్ట్ ముందే ఇచ్చే జాబ్‌ల వరసలోకి, పంపాను. మధ్యలో 429 వచ్చింది, అంటే వినతులు మరీ త్వరత్వరగా పంపుతున్నావని. ప్రతిసారీ ఆగే సమయాన్ని రెట్టింపు చేసుకుంటూ, దానికి కొంత యాదృచ్ఛికతను కలుపుతూ మళ్ళీ ప్రయత్నించే పద్ధతి పెట్టాక అన్నీ లోపలికి వెళ్ళాయి. నిశ్చింతగా ఇంటికి వచ్చాను.

రాత్రి పదిన్నరకు అన్న ఫోను.

"చెల్లెమ్మా, ఈ రోజు క్లాసులు ఒక్కటీ తయారవలేదు. సార్ అడుగుతున్నారు."

"ఒక్కటీ లేదా అన్నా?"

"ఒక్కటీ లేదమ్మా. పోయినేడాది క్లాసులు మాత్రం వరసగా వస్తున్నాయి."

అర్థమైంది. ప్రాధాన్యం చెప్పకపోతే ప్రతి జాబ్‌కూ అది సున్నా. ప్రాధాన్యం సమానమైతే ముందు పంపినది ముందు. ఈ రోజు వచ్చిన ముప్ఫై క్లాసులు వెయ్యికి పైగా పాత క్లాసుల వెనక నిలబడ్డాయి. క్యూను పాజ్ చేద్దామంటే పాతవీ కొత్తవీ ఒకే క్యూలో ఉన్నాయి. ఆపితే రెండూ ఆగుతాయి. ఒకసారి పంపిన జాబ్‌కు ప్రాధాన్యం మార్చే వీలు లేదు. రద్దు చేసి మళ్ళీ పంపాలి. జాబ్‌ల జాబితా అడిగితే ఒక పుటకు ఇరవై మించి ఇవ్వదు. అప్పటికి నడిచినవి, నడుస్తున్నవి పోగా 1,100 మిగిలాయి. యాభై అయిదు పుటలు తిప్పుతూ ఒక్కొక్కటే రద్దు చేసే స్క్రిప్టు అర్ధరాత్రి రాశాను. రెండింటికి క్యూ ఖాళీ అయింది. ఆఖరి పాఠం యాప్‌లోకి చేరేసరికి అయిదు దాటింది. పిల్లలకు అందింది. కానీ ఇది అదృష్టం మీద నడిచిన రాత్రి.

నిద్ర పట్టక మా వీధి చివర పిండిమర గుర్తుకు తెచ్చుకున్నాను. మనుషులు ఎవరూ నిలబడరు. డబ్బాలు నిలబడతాయి. గోధుమల డబ్బా పెట్టి వెళ్ళిపోతాం, వరసలో మన బదులు అదే ఉంటుంది. పెళ్ళివారి మూటలు వస్తే మరాయన వాటిని వరసలో పెట్టడు. మూలకు చేరుస్తాడు. డబ్బాలు లేని వేళ చూసి కొంత కొంతగా మర మీదికి ఎత్తుతాడు. మిరపకాయలైతే అన్నిటికన్నా చివర, ఎందుకంటే వాటి ఘాటు తరువాతి పిండికి అంటుకుంటుంది. ఎవరూ ఆయన్ను తప్పు పట్టడం నేను చూడలేదు. ఈ మధ్యాహ్నం నేను చేసిందల్లా పెళ్ళివారి మూటలన్నిటినీ డబ్బాల ముందు పేర్చడమే.

గురువారం

ప్రాధాన్యం అంకెలు పెట్టాను. మీడియాకన్వర్ట్‌లో అవి -50 నుంచి 50 వరకు. పాతవాటికి -20, ఈరోజువాటికి 20. పరీక్షగా రెండు వందల పాత క్లాసులనే మధ్యాహ్నం పంపాను.

రాత్రి చూస్తే కొంత మెరుగు. పూర్తిగా కాదు. తొమ్మిదింటికి వచ్చిన క్లాసులు మొదలవడానికే చాలాసేపు పట్టింది. ప్రాధాన్యం అంకె 'తరువాత ఎవరు' అన్న ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఇప్పటికే మర మీద ఉన్నదాన్ని దించదు. ఖాతాకు ఒకేసారి ఇన్ని జాబ్‌లే అన్న పరిమితి ఉంది. ఆ స్థానాలన్నిటినీ మధ్యాహ్నమే పాత సెమినార్ రికార్డింగులు ఆక్రమించుకున్నాయి. అవి మూడేసి గంటలవి.

శుక్రవారం

ఈ రోజు కోడు రాయలేదు. కానీ ప్రాజెక్టులో అతి ముఖ్యమైన రోజు ఇదే అనుకుంటున్నాను.

ప్రాధాన్యం అంకె ఉందని అన్నకు తెలిసింది. మధ్యాహ్నం ఎకానమీ క్లాసు అత్యవసరమన్నారు, 50 పెట్టాను. సాయంత్రం పాలిటీ సార్ తన క్లాసు రేపటి పరీక్షకు కావాలన్నారు, అదీ 50. రాత్రికి ముప్ఫైలో పదకొండు యాభై మీద ఉన్నాయి. పదకొండు మందిని ముందు నిలబెట్టాక, ముందు అన్న మాటకు బలం ఎక్కడిది? ఎవరి గొంతు పెద్దదైతే వారి పాఠం ముందు వెళుతుంది. నెమ్మదిగా మాట్లాడే భూగోళం మేడమ్ ఒక్కసారీ అడగలేదు. ఆమె పాఠం ఆఖరున వచ్చింది.

రాత్రి అన్నతో కూర్చుని మాట్లాడాను.

"అన్నా, ఇకమీద అంకె నేనూ పెట్టను, మీరూ పెట్టవద్దు. పాఠం ఎన్ని గంటలకు కావాలో మాత్రం చెప్పండి."

"అన్నీ పొద్దున్న ఆరింటికే కావాలి కదమ్మా."

"రేపు ఏడింటికి టెస్టు ఉన్న సబ్జెక్టు వేరు కదన్నా. అది అయిదింటికి. మిగతావి ఆరింటికి. పాతవాటికి గడువే లేదు."

ఆయన కాసేపు ఆలోచించి, "అంటే టైమ్‌టేబుల్ చూస్తే చాలు, నన్ను అడగనక్కరలేదు" అన్నారు. అవును, అదే కావలసింది. టెస్టుల టైమ్‌టేబుల్ ముందే ఒక షీట్‌లో ఉంది. గడువు అక్కడి నుంచి వస్తుంది. మనుషులు వరస మార్చే దారి మూసేశాను.

మూడో వారం

వారమంతా కలిపి రాస్తున్నాను, రోజూ రాసే తీరిక దొరకలేదు.

మూడు క్యూలు చేశాను: 'ఈరోజు', 'సవరణ', 'పాత'. సవరణ అంటే శబ్దం రాలేదనో, చివర కోసేయాలనో అన్న మళ్ళీ పంపే ఫైళ్ళు. మూడూ కోడు నుంచే తయారవుతాయి. ఆ పేరుతో క్యూ ఉందా అని ముందు అడుగుతుంది, లేకపోతేనే చేస్తుంది. అందువల్ల స్క్రిప్టును ఎన్నిసార్లు నడిపినా తేడా రాదు. ఇప్పుడు పాతదాన్ని ఒక్కదాన్నే పాజ్ చేయగలను. పాజ్ చేస్తే కొత్తగా ఏదీ మొదలవదు, నడుస్తున్నవి మాత్రం చివరి దాకా నడుస్తాయి. క్యూను తొలగించాలంటే అందులో ఇంకా మొదలుకాని జాబ్‌లు ఉండకూడదు. డిఫాల్ట్ క్యూను ఎప్పటికీ తొలగించలేం. దాన్ని వాడటమే మానేశాను.

రిజర్వ్‌డ్ క్యూ గురించి మేడమ్ అడిగారు. పన్నెండు నెలల ఒప్పందంతో కొన్ని స్థానాలను మన పేరున కొనుక్కోవడం అది. ఒక స్థానం మీద ఒకసారికి ఒక జాబ్. రోజంతా ఒకే జోరుగా పని వచ్చే టీవీ ఛానల్‌కు అది లాభం. మా పని రాత్రి రెండు మూడు గంటలు పోటెత్తి, మిగతా రోజంతా ఎండిపోతుంది. వద్దని చెప్పాను. ఒక క్యూలో ఇన్ని నిమిషాలు ఆగితే మరో క్యూలోకి దూకేలా జాబ్‌కు ముందే చెప్పే సౌకర్యం కూడా ఉంది. ఒక నిమిషం నుంచి 4,320 నిమిషాల వరకు పెట్టుకోవచ్చు. రిజర్వ్‌డ్ నిండినప్పుడు ఆన్‌డిమాండ్‌లోకి (వాడినంతకే డబ్బు కట్టే మామూలు క్యూ) మళ్ళించడానికి అది మంచి సాధనం. నాకు కావలసింది వేరు.

నాకు కావలసింది మరాయన మూల. పాత క్లాసులు క్లౌడ్ క్యూలో కాదు, నా దగ్గర ఆగాలి. క్లౌడ్ క్యూలో పడ్డ జాబ్ నా చేయి దాటినట్టే, వరస మార్చాలంటే రద్దు చేయాలి. నా పట్టికలో ఆగిన వరసను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. డైనమోడీబీ అనే క్లౌడ్ డేటాబేస్‌లో ఒక పట్టిక పెట్టాను: ఫైలు, గడువు, నిడివి, స్థితి. నిమిషానికి ఒకసారి ఒక చిన్న ఫంక్షన్ లేచి చూస్తుంది. దాని సారాంశం తెలుగులో రాసుకుంటే ఇంతే:

ఖాళీ = మొత్తం పరిమితి − నడుస్తున్నవి
ముందుగా గడువు దగ్గరపడ్డవాటిని ఖాళీ మేరకు పంపు
ఇంకా ఖాళీ మిగిలితే, ఈరోజు క్యూ కోసం పది స్థానాలు వదిలిపెట్టు
ఆ పది పోగా మిగిలిన చోట మాత్రమే పాతవి పంపు
సాయంత్రం ఆరు నుంచి పదకొండు వరకు పాతవి పంపకు

చివరి వాక్యాన్ని అయిదింటికి కాకుండా ఆరింటికి ఎందుకు పెట్టానంటే, ఆరింటికి మొదలైన పాత క్లాసు కూడా ఎనిమిదిన్నరకల్లా స్థానం ఖాళీ చేస్తుంది. నిడివిని బట్టి నేను కొలిచిన లెక్క అది. మూడు గంటల సెమినార్లు మాత్రం నడవడానికి ఎక్కువసేపు తీసుకుంటాయి. వాటిని అర్ధరాత్రి దాటాకే పంపుతుంది. మిరపకాయలు చివర.

పాతవాటిలోనూ ఏదీ శాశ్వతంగా వెనకబడకుండా, ఆగిన ప్రతి గంటకూ వరస అంకె ఒకటి పెరిగేలా చేశాను. పైగా 'పాత' క్యూకు ఒకేసారి నడిచే జాబ్‌ల గరిష్ఠ సంఖ్యను క్లౌడ్ వైపు కూడా తక్కువగా పెట్టాను. నా కోడు తప్పినా అది ఆపుతుంది.

శనివారం రాత్రి చూశాను. 9:05కు వచ్చిన మొదటి పాఠం నిమిషంలోపే మొదలైంది.

నాలుగో వారం, సోమవారం

వాన. సాయంత్రం ఆరున్నరకు మొదలై తొమ్మిది దాకా ఆగలేదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర నీళ్ళు నిలిచాయి. స్టూడియో ఇంటర్నెట్ గంటన్నర పోయింది. వచ్చాక ముప్ఫై ఫైళ్ళూ ఒక్కసారే ఎక్కాయి. కొత్త పద్ధతి నిలబడుతుందా లేదా చూడటానికి ఇంతకంటే మంచి రోజు ఉండదు.

నిలబడింది. కానీ పొద్దున్న చూస్తే నాలుగు పాఠాలకు రెండేసి జాబ్‌లు ఉన్నాయి. రెండూ పూర్తయ్యాయి, రెండిటికీ డబ్బు పడుతుంది.

మంగళవారం

జంటల కారణం దొరికింది. ఎస్3 కబురు ఎస్‌క్యూఎస్ అనే సందేశాల క్యూలోకి వస్తుంది. అక్కడి నుంచి నా కోడు తీసుకుంటుంది. సందేశాన్ని తీసుకున్నంత మాత్రాన అది పోదు. కొంతసేపు మిగతావారికి కనపడకుండా ఉంటుంది. పని ముగిశాక మనమే తొలగించాలి. ఆ కనపడని సమయం మార్చకపోతే ముప్ఫై సెకన్లు. నా కోడు ఫైలు నిడివి తెలుసుకోవడానికి దాన్ని తెరిచి చూస్తుంది. సాధారణంగా నాలుగు సెకన్ల పని. నిన్న రాత్రి అన్నీ ఒకేసారి రావడంతో కొన్నిటికి ముప్ఫై దాటింది. సందేశం మళ్ళీ బయటపడింది, నా కోడు మరో కాపీ దాన్ని తీసుకుంది, రెండో జాబ్ పుట్టింది.

సమయాన్ని పది నిమిషాలకు పెంచాను. పన్నెండు గంటల దాకా పెంచవచ్చు. అయితే అసలు మందు అది కాదు. ఈ వ్యవస్థలన్నీ సందేశం కనీసం ఒకసారి చేరుతుందనే మాట ఇస్తాయి. ఒక్కసారే చేరుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. రెండోసారి వచ్చినా నష్టం లేకుండా చూసుకోవలసింది నేను. ఫైలు పేరు, దాని ఈట్యాగ్ (ఫైలు లోపలిది మారితే మారే ఎస్3 గుర్తు), నా సెట్టింగుల వెర్షన్, ఈ మూడూ కలిపి ఒక గుర్తు తయారుచేస్తున్నాను. ఆ గుర్తుతో పట్టికలో వరస (ఒక్కో ఫైలుకు ఒక అడ్డువరస) లేకపోతేనే కొత్తది రాయమని షరతు పెట్టాను. ఉంటే రాయడం విఫలమవుతుంది, రెండో జాబ్ పుట్టదు. అదే గుర్తును జాబ్ పంపేటప్పుడు క్లయింట్ రిక్వెస్ట్ టోకెన్‌గా కూడా ఇస్తున్నాను. నెట్‌వర్క్ మధ్యలో తెగి నేను మళ్ళీ పంపినా అవతలివైపు అది అదే జాబ్ అని గుర్తిస్తుంది. అన్న ఫైలును సవరించి అదే పేరుతో పెడితే ఈట్యాగ్ మారుతుంది కాబట్టి అది మాత్రం కొత్త పనిగానే వెళుతుంది. సెట్టింగుల వెర్షన్ ఎందుకంటే, ఎప్పుడైనా నాణ్యత పెంచి అన్నిటినీ మళ్ళీ మార్చాలనుకుంటే దారి ఉండాలి.

గురువారం

నడుస్తున్న జాబ్‌ల సంఖ్య −2 అని చూపిస్తోంది.

దీన్ని విడిచిపెట్టలేకపోయాను. సున్నా కన్నా తక్కువ జాబ్‌లు నడవడమన్నది ఉండదు. ఆ సంఖ్యను నమ్మి నా కోడు అవసరానికి మించి పాత క్లాసులను పంపుతోంది. జాబ్ మొదలైతే ఒకటి కలపడం, ముగిస్తే ఒకటి తీసేయడం అన్న లెక్క నాది. ఆ కబుర్లు ఈవెంట్‌బ్రిడ్జ్ అనే కబుర్ల సేవ ద్వారా వస్తాయి. ఒకే కబురు రెండుసార్లు రావచ్చు. వరస తప్పి కూడా రావచ్చు. 'ముగిసింది' రెండుసార్లు వస్తే రెండు తీసేశాను. అతి చిన్న ఫైళ్ళకు 'ముగిసింది' ముందు వచ్చి, 'నడుస్తోంది' తరువాత వచ్చింది. ఆ పాఠం పట్టికలో ఇంకా నడుస్తున్నట్టే మిగిలింది.

కూడికలు, తీసివేతలు మానేశాను. సంఖ్యను ఎక్కడా దాచను. ఎప్పుడు కావాలంటే అప్పుడు 'నడుస్తోంది' స్థితిలో ఎన్ని వరసలున్నాయో లెక్కిస్తాను. స్థితులకు మెట్లు పెట్టాను: ఆగింది, పంపింది, నడుస్తోంది, ముగిసింది లేదా విఫలమైంది. కబురు ఏదైనా పై మెట్టుకు తీసుకెళ్ళగలదే కానీ కిందికి దించలేదు. 'ముగిసింది' అయ్యాక వచ్చిన 'నడుస్తోంది' ఏమీ మార్చదు. పావుగంటకొకసారి క్లౌడ్ జాబితాతో నా పట్టికను సరిపోల్చే పని కూడా పెట్టాను. రాత్రి పన్నెండింటికి రెండూ కలిశాయి, ఒక్క వరస తేడా లేకుండా. చాలాసేపు ఆ తెర వైపే చూస్తూ కూర్చున్నాను.

అయిదో వారం

పాత క్లాసులు రాత్రి పదకొండుకు బదులు తెల్లవారి నాలుగున్నరకు మొదలవుతున్నాయి. చూడగానే తెలిసింది, అయిదున్నర గంటల తేడా. షెడ్యూలు నియమాన్ని నేను మన గడియారంలో రాశాను, క్లౌడ్ దాన్ని యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక కాలంలో, చదువుకుంది. రాత్రి పదకొండంటే యూటీసీలో 17:30. తీసివేతలు నేనే చేస్తే మళ్ళీ ఎక్కడో తప్పుతాను. అందుకని కాలమండలం చెప్పే వీలున్న కొత్త షెడ్యూలర్‌కు మార్చి, ఏషియా కోల్‌కతా అని రాశాను. ఇదే తప్పు 'ఈరోజు' లెక్కలోనూ ఉంది. అర్ధరాత్రి నుంచి తెల్లవారి అయిదున్నర మధ్య ఎక్కిన పాఠం యూటీసీలో నిన్నటిది. ఆలస్యంగా వచ్చిన ఆ పాఠాలకే గడువు దగ్గర, వాటినే నేను పాత క్యూలోకి తోస్తున్నాను. సరిచేశాను.

మూడుసార్లు విఫలమైన సందేశం ఇప్పుడు డెడ్ లెటర్ క్యూలోకి (విఫలమైనవాటిని పక్కన పెట్టే చోటు) వెళుతుంది, వెంటనే నా ఫోను మోగుతుంది. ఈ వారం అందులో రెండే పడ్డాయి. రెండూ కెమెరా కార్డు నిండిపోయి మధ్యలో తెగిన ఫైళ్ళు. అన్నకు చెప్పాను. ఆయన క్లాసుకు ముందు కార్డు ఖాళీ చూసుకునే చీటీ ఒకటి రాసి గోడకు అంటించారు.

ఆరో వారం, బుధవారం

గడువు తప్పిన పాఠాలు ఈ వారం లేవు. భూగోళం మేడమ్ పాఠం నిన్న రెండోది వచ్చింది, ఎందుకంటే టెస్టు ఆమెదే. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

పాత క్లాసులు 1,200లో నలభై ఒకటి మిగిలాయి. అన్నీ సెమినార్లే. అర్ధరాత్రి దాటాక ఒక్కొక్కటిగా వెళుతున్నాయి.

శనివారం

ఆఖరి సెమినార్ 4:40కు ముగిసింది. పట్టికలో 'ఆగింది' స్థితిలో సున్నా, 'నడుస్తోంది'లో సున్నా. క్లౌడ్ జాబితాలోనూ అంతే. 'పాత' క్యూను పాజ్ చేశాను. తొలగించలేదు. దిల్‌సుఖ్‌నగర్ శాఖ హార్డ్‌డిస్కులు వచ్చే నెల వస్తాయని మేడమ్ చెప్పారు.